ఎర్రదారం కట్టిన వంకాయ

విజయనగరం,
19-2-1967.

చిరంజీవి అప్పలసూరికి,

అప్ప లక్ష్మీనరసమ్మ ఆశీస్సులు. ఆశీస్సులకి తూకం లేదు కాబట్టి నిండుగానే పెడుతున్నాను. నువ్వు పంపిన గంప సంగతి వేరు.

గంప శుక్రవారం బస్సులో దిగింది. దించుతూ కండక్టరు "ఏటమ్మా, గొడ్లకి మేతా?" అని అడిగాడు. కోపం వచ్చిందిగాని, పైనున్న గోనె విప్పి చూశాక అతని తప్పేమీ లేదనిపించింది. చిక్కుడుకాయలు సగం పురుగులకి పెట్టి, మిగిలిన సగం నాకు పంపావు. ముల్లంగి ఒక్కటీ తిన్నగా లేదు. ఆనపకాయ మెడ తిప్పుకుని కూర్చుంది, నన్ను చూడడం దానికీ ఇష్టం లేనట్టుంది. బంతిపూలు మాత్రం బాగున్నాయి. అవి నీ పెళ్ళాం భాగ్యవతి చూసుకుంటుంది కాబట్టి బాగున్నాయి అని పక్కింటి బుల్లమ్మగారితో అన్నాను కూడా. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకో చివర రాస్తాను.

కిందటేడు నాయన పోయేముందు నలుగురి ఎదుటా ఏం చెప్పాడు? "తోట సూరిగాడిది. పంట పంటకీ కాయలోనూ పువ్వులోనూ నా కూతురికి వాటా ఎల్లాల" అన్నాడు. నేను సరేనన్నాను. రెండెకరాల తోటలో గోరంత నేల అడగలేదు. నా పుట్టింటి ఆస్తి మొత్తం ఆ గంపే. వీధంతా చూస్తుండగా బస్సు దిగే గంప అది. అందులో నువ్వు పుచ్చులు ఏరి పంపితే నేను ఇరుగుపొరుగులకి పంచాలా, చాటున పెట్టుకుని తినాలా?

మీ బావ కొట్టు పక్కన అమోనియా ఎరువు బస్తాలు దిగాయి. "ఒక్క బస్తా చల్లమను, మీ తమ్ముడి ముల్లంగి మేకులా నిలబడుతుంది" అన్నారు. కొత్త ఎరువులు వాడమని మీ ఊరి గ్రామసేవకుడు నీ గుమ్మం ఎక్కి దిగి చెప్పులు అరగదీసుకున్నాడట. ఊరంతా మారింది. నువ్వు మాత్రం పెంట, బూడిద, వేపపిండి. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నాట్ట నీలాంటివాడే.

ఇక అసలు సంగతి. గంప అడుగున, గడ్డిలో దాచి, ఒక వంకాయ ఉంది. పండి పసుపెక్కిపోయింది. తొడిమెకి పసుపు రాసి ఉంది. దానికి ఎర్రదారం మూడు చుట్లు చుట్టి ముడి వేసి ఉంది. నేను చెయ్యి పెట్టబోతే బుల్లమ్మగారు నా రెక్క పట్టుకు లాగారు. "ముట్టుకోకమ్మా, ఇది దిష్టి తీసిన కాయ. లేదంటే సిల్లంగి సేతబడి. మీ వోలింట్లో ఎవులికైనా నీ మీద కడుపుమంట ఉందేటి?" అని అడిగారు. తోటలో నాకు వాటా రావడం ఎవరికి కంటగింపో నాకు తెలియదా?

దాన్ని గడప దాటనివ్వలేదు. పాలు పోసే గున్నమ్మ చేత నాలుగు దారుల కూడలిలో పారేయించాను. గంప కడిగించి పంపుతున్నాను. మీ ఆవిడతో చెప్పు, నేను బాగానే ఉన్నానని.

లక్ష్మీనరసమ్మ


శ్రీకూర్మం,
2-3-1967.

అప్పకి అప్పలసూరి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. నీ ఉత్తరం విప్పేదాకా ఇంకాస్త క్షేమంగా ఉన్నాం.

చిక్కుడుకాయలో పురుగుంటే పురుగు తీసి వండుకుంటారు. నీ ఊళ్ళో ఆ విద్య మరిచిపోయారు కాబోలు. మా పక్క చేను సోములు బావ చెప్పిన బస్తా చల్లాడు, ఆపైన డబ్బాలో మందు తెచ్చి కొట్టాడు. వాడి కాయ మీద ఈగ వాలదు. వాడి కోడి ఆ మడిలో తిరిగి సాయంత్రానికి కాళ్ళు చాపేసింది. కాయలు మాత్రం నున్నగా ఉన్నాయి. కావాలంటే నీ వాటా అక్కణ్ణించి పంపమని అడుగుతాను, వీధిలో నీ పరువు నిలబడుతుంది.

గ్రామసేవకుడు వస్తూనే ఉన్నాడు. వంకాయకి హైబ్రీడు విత్తనం ఇస్తానంటాడు. ఊరంతా తీసుకున్నారు. పొడుగ్గా, నల్లగా, ఉడికిస్తే నీళ్ళయిపోయే కాయ. నాయన పర్లాకిమిడి సంత నుంచి తెచ్చి ముప్పయ్యేళ్ళు నిలబెట్టిన ముళ్ళ వంకాయ ఇవాళ నా నాలుగు మడుల్లో తప్ప ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదు. అది పోయిందంటే నాయన నాకు రెండోసారి పోయినట్టే. ఈ మాట నీకెందుకు రాస్తున్నానో నాకే తెలియదు. నీకు ముల్లంగి తిన్నగా ఉంటే చాలు.

దారం సంగతి. అది కట్టింది భాగ్యవతే. పెళ్ళి చీర అంచులోంచి పోగు లాగి కట్టింది. ఆవిడకి చదువు రాదు కాబట్టి నీ ఉత్తరం పైకి చదివింది నేనే. చిల్లంగి మాట దగ్గర ఆగుదామనుకున్నాను, అప్పటికే నోటంట వచ్చేసింది. "వదిన నన్ను అంత మాట అనీసినాదా" అని ఒక్కసారే అడిగింది. ఆ తర్వాత రెండు పూటలు పొయ్యి వెలగలేదు.

ఆ దారం ఎందుకు కట్టారో నేను చెప్పను. మట్టి ముట్టిన ఆడది ఎవరైనా చెబుతుంది, అడిగి తెలుసుకో. తెలుసుకోకపోయినా నాకు నష్టం లేదు. నా కుండలో నాకుంది. ఇంకెప్పుడూ నీకు దారం కట్టిన కాయ రాదు. గంప మాత్రం వస్తుంది, అది నాయన మాట.

అప్పలసూరి


విజయనగరం,
5-11-1967.

చిరంజీవి అప్పలసూరికి ఆశీస్సులు.

నీ గంప అందింది. ఉత్తరం ముక్క లేదు. చేమంతులు మాత్రం అరటిపట్టలో చుట్టి, తడి ఆరకుండా పంపారు. పూలకి నాతో తగవు లేదన్నమాట. శుక్రవారం ఏడుగురికి పంచాను. మీ మరదలు పెంచిందా అని అడిగారు. అవునని ఊరుకున్నాను.

మట్టి ముట్టిన ఆడదాన్ని అడగమన్నావు. మా వీధిలో మట్టి ముట్టేది గున్నమ్మ ఒక్కతే. పేడ ఎత్తేదాన్ని పిలిచి మా పుట్టింటివాళ్ళు నాకు పంపిన కాయకి అర్థమేమిటే అని అడగడానికి నాకేం ఖర్మ? కన్నతల్లి నేర్పింది నాకు గుర్తుంది. పసుపు రాసి దారం చుడితే దిష్టే. పదకొండో ఏట నాకు పెళ్ళి చేసి పంపేశారు, తోటలో మీరు తర్వాత నేర్చుకున్న గొప్ప చదువులు నాకు రావు.

గున్నమ్మ పేరు ఎత్తాను కాబట్టి చెబుతున్నాను. దాని ఆవుకి నేను రోజూ కుడితి పోస్తాను. దానికి బదులు వారం వారం ఒళ్ళో ఇన్ని వంకాయలు తెచ్చి పోస్తోంది. పాక వెనక పెంటకుప్ప పక్కన పండించిందట. ఏం వంకాయలవి. నూనె అక్కర్లేకుండా వెన్నలా మగ్గిపోతాయి. మీ బావ కంచం ముందు నుంచి లేవలేదు. నాయన చేతి పంట తిన్నట్టుందని నేనే అన్నాను. అదే వారం నీ గంపలోని వంకాయలు కూడా వండాను. బస్సులో నలిగి, వడిలి, సగం కమిలి ఉన్నాయి. పక్కపక్కన పెడితే నీవి చూడ్డానికే జాలేసింది. చదువూ సంధ్యా లేని ఆడది ఒక కుప్ప పక్కన పండించింది, రెండెకరాల ఆసామివి, నీ చేత కాలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు సోములునీ గ్రామసేవకుణ్ణీ ఆడిపోసుకోవడం మానెయ్యి.

గున్నమ్మ దగ్గరికి వచ్చి నాలుగు రోజులుంటే వ్యవసాయం నేర్పుతుంది. నేను చెబితే కాదనదు.

లక్ష్మీనరసమ్మ


శ్రీకూర్మం,
24-11-1967.

అప్పకి నమస్కారాలు.

సంతోషం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్లేదు. పుట్టింటి వంకాయ చేదు, పాలావిడ వంకాయ వెన్న. నాయన రుచి నీకింకా గుర్తుందంటే ఆశ్చర్యంగా ఉంది. నాయన మంచాన ఉన్న మూడు నెలల్లో నువ్వు వచ్చింది రెండు సార్లు, అందులో ఒకసారి బావ కొన్న పడవలాంటి కొత్త గొడుగు నాకు చూపించడానికి.

ఇకమీదట నీ గంపలో వంకాయ ఒక్కటి ఉండదు. నీకు గున్నమ్మ ఉందిగా. మిగతా కూరలు వస్తాయి, పూలు వస్తాయి. వంకాయ కావాలంటే ఒకటే దారి. భాగ్యవతికి ఒక్క ముక్క రాయి, తప్పయిందని. రాయవని నాకు తెలుసు. నువ్వు రాయవని భాగ్యవతికీ తెలుసు. అయినా చేమంతులు మళ్ళీ నీకోసమే నాటింది. దానికి బుద్ధి లేదు.

అప్పలసూరి


విజయనగరం,
21-1-1968.

చిరంజీవి అప్పలసూరికి.

గంప అందింది. వంకాయల చోట గడ్డి కుక్కి పంపావు. ఆ గడ్డి గున్నమ్మ ఆవు తిని ఈనింది, పెయ్యదూడ. నీ వాటా వల్ల ఒక ప్రాణికి మేలు జరిగింది.

నేనెవరికీ తప్పయిందని రాయను. గంప ఖాళీగా తిరిగి పంపకూడదంటారు కాబట్టి, ఎరువుల మీద బావకి వచ్చిన కరపత్రం ఒకటి వేసి పంపుతున్నాను. బొమ్మలున్నాయి, చదవక్కర్లేదు.

లక్ష్మీనరసమ్మ


శ్రీకూర్మం,
20-11-1968.

అప్పకి,

అప్పలసూరి రాసేది. ఈ ఉత్తరం చదివి నువ్వు నవ్వుకోవచ్చు. నీకు ఇంతకాలానికి మంచి అవకాశం వచ్చింది.

కిందటి నెల గాలివాన సంగతి వినే ఉంటావు. మనుషులం బాగానే ఉన్నాం. వసారా కప్పు కూలింది. తోట మీద నాలుగు రోజులు నీళ్ళు నిలిచాయి. పూల మడులు పోయాయి, పోతే పోయాయి, బంతి ఎక్కడైనా దొరుకుతుంది. వంగ మొక్కలు వేళ్ళతో సహా కుళ్ళిపోయాయి. ఒక్కటి మిగల్లేదు. దూలానికి కట్టిన విత్తనాల కుండ కప్పుతోపాటు పడి పగిలింది. బురదలోంచి గింజలు ఏరి గుడ్డలో కట్టి ఆరబెట్టాం. భాగ్యవతి మూడు మడుల్లో పోసి పదిహేను రోజులుగా పొద్దున్నే లేచి చూస్తోంది. ఒక్క మొలక రాలేదు. గ్రామసేవకుడు వచ్చి ఓదార్చాడు, హైబ్రీడు పొట్లం చేతిలో పెట్టాడు. తీసుకున్నాను. ఇంకా విప్పలేదు.

ఇప్పుడు చెబుతాను దారం సంగతి. ఆవేళే చెప్పాల్సింది. కాయల్లోకెల్లా మంచి కాయని విత్తనానికి చెట్టు మీదే ఒదిలేస్తాం. కోసేవాళ్ళు పొరపాటున కోసెయ్యకుండా దానికి ఎర్రదారం చుడతాం. పండి పసుపెక్కాక కోసి, పురుగు పట్టకుండా తొడిమెకి పసుపు రాస్తాం. ఒకటి మన కుండలోకి. ఇంకోటి ఆడపడుచు ఇంటికి. అమ్మ ఏటా మేనత్త ఇంటికి పంపేది. అత్త దాన్ని పొయ్యి మీద పొగలో వేలాడదీసేది. ఒక ఇంట్లో వానకో నిప్పుకో పోతే రెండో ఇంట్లో ఉంటుందని. "ఆడపిల్లకి నేలిచ్చినా ఇవ్వకపోయినా ఇత్తనం ఇయ్యాల" అనేది అమ్మ. మేనత్త పోయింది, నాయన పోయాడు. ఆ వరస నీకొచ్చింది. తోటలో నీ అసలు వాటా ఆ కాయే, అప్పా. మిగతా గంపంతా దానికి చుట్టిన గడ్డి.

నీకు తెలిసే ఉంటుందనుకున్నాను. తెలియదని అర్థమయ్యాక చెప్పడానికి పొగరు అడ్డం వచ్చింది. నా కుండలో నాకుందని రాశాను. ఆ కుండ ఇప్పుడు వాకిట్లో పెంకులై ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను.

కూడలిలో పడేసింది ఏ మేకో తినేసి ఉంటుంది, నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. ఏ మూలైనా ఒక ముక్క, నాలుగు గింజలు?

అప్పలసూరి


విజయనగరం,
1-12-1968.

చిరంజీవి అప్పలసూరికి, మరదలు భాగ్యవతికి,

అప్ప రాసేది. ఈ ఉత్తరం భాగ్యవతిని కూర్చోబెట్టి పైకి చదువు. ఎక్కడా నోరు ఆపకు.

నీ ఉత్తరం వచ్చిన పూట నేను అన్నం ముట్టలేదు. నవ్వుకోవచ్చని రాశావు. నవ్వు రాలేదు. సాయంత్రం గున్నమ్మ పాకకి వెళ్ళాను. ఎనిమిదేళ్ళుగా ఆవిడ మా గుమ్మంలోకి వస్తోంది, నేను ఆవిడ గుమ్మంలోకి వెళ్ళడం అదే మొదలు. నన్ను చూసి ఆవిడ కంగారుపడి, పాలల్లో నీళ్ళ సంగతి అడగడానికి వచ్చాననుకుని, అడక్కుండానే ఒట్టు పెట్టేసింది. అదేం కాదు, రెండేళ్ళ కిందట నీకిచ్చిన దారం కట్టిన కాయ ఏ కూడలిలో పారేశావే అని అడిగాను.

"పారీలేదమ్మా" అంది.

గున్నమ్మ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, నన్ను తిట్టడానికి నీకు పనికొస్తాయి.

"ఎర్రదారం కట్టినారంటే ఇత్తనానికి ఒగ్గీసినారని సంటిపిల్లకైనా తెలుస్తాది గదమ్మా. మీ బుల్లమ్మగారు సిల్లంగి అన్నాది, మీరు ముట్టుకోకుండా పారీమన్నారు. నానేటనుకున్నానంటే, పెద్దోలింటి కోపం పెద్దోలది, ఇత్తనమేటి పాపం సేసినాదని. మా అత్తోరి ఊల్లో నాకూ వంగమడి ఉండీది. తీసుకెల్లి పొయ్యి మీద కట్టినాను. తొలకరికి పోసినాను. మీకు తెల్దేటి? మీరు తింతన్న వంకాయలు అయ్యే."

అవే. ఏడాదిగా నేను తిన్నవి, వీధిలో పొగిడినవి, నీ మొహాన కొట్టి రాసినవి, అవే. నాయన చేతి పంట తిన్నట్టుందని అన్నది నేనే, ఆ ఒక్క ముక్కా నిజమే రాశాను. మిగతా అంతా ఒళ్ళు పొగరు.

పాక వెనక్కి తీసుకెళ్ళింది. పదకొండు మొక్కలు ఉన్నాయి, పెంటకుప్ప చాటున గాలివాన తగలకుండా బతికాయి. చివరి మొక్కకి ఒక కాయ పసుపెక్కి వేలాడుతోంది. దానికి దారం చుట్టి ఉంది. భాగ్యవతీ, అది నీ చీర అంచు పోగే. రంగు వెలిసింది. గున్నమ్మ ఆవేళ విప్పి దాచి, ఏటా తన విత్తనం కాయకి కడుతోంది. ముందు నేను దాన్ని చూశాను, తర్వాత ముట్టుకున్నాను. ఆవేళ గడప దాటనివ్వనిదాన్ని రెండు చేతులా పట్టుకుని అక్కడే ఏడ్చాను. పెద్దదాన్ని కాబట్టి అణిగిమణిగి రాయడం నాకు రాదు. తప్పయింది. నీ చేతి కాయని చిల్లంగి అన్న నోరు నాది. నన్ను ఏమన్నా అను, పడతాను.

విత్తనం అడిగితే గున్నమ్మ వెంటనే ఇవ్వలేదు. "మీరు పారీసిన్నాడే అది మీది కాకుండా పోయినాది. ఇప్పుడిది నాది" అంది. అదీ న్యాయమే. గున్నమ్మే ఆవు మెడ నిమిరి, "ఇస్తాన్లెండి. ఊరికే మాత్రం ఇవ్వను. మీ తమ్ముడు మీకు వాటా అంపుతాడు గదా, నాకూ ఒక వాటా ఎట్టమనండి" అంది.

ఒప్పుకున్నాను. నిన్ను అడక్కుండానే మాట ఇచ్చేశాను. తోట నీదే అయినా ఈ ఒక్కసారి నా మాట చెల్లనివ్వు.

కాయ ఇవాళ పొద్దున్న బస్సులో పంపిన గంపలో ఉంది, అడుగున, గడ్డిలో. దారం విప్పలేదు. బావ కండక్టరుకి అప్పగిస్తూ ఇందులో ఏముందో చెప్పబోతే అతను "తెల్సండి, గొడ్ల మేత" అన్నాట్ట.

హైబ్రీడు పొట్లం విప్పకు.

లక్ష్మీనరసమ్మ


శ్రీకూర్మం,
13-4-1969.

అప్పకి నమస్కారాలు, బావకి కూడా.

విత్తనం చెడలేదు. పోసిన ఎనిమిదో రోజున భాగ్యవతి నన్ను రెక్క పట్టుకు లేపి తీసుకెళ్ళి చూపించింది. మూడు మడులూ నిండాయి. నిన్న మొదటి కోత కోశాం.

ఇవాళ్టి బస్సులో ఈ ఉత్తరంతో పాటే గంప వస్తోంది. తొందరపడి విప్పకు, అది నీది కాదు. మొదటి కోత గున్నమ్మది. దాని మీద చేమంతులు లేవు, కాలం కాదు, మల్లెమొగ్గలు పెట్టింది భాగ్యవతి. ఎవరిచేతా పంపకు. నువ్వే నెత్తిన పెట్టుకుని వీధిలో అందరూ చూస్తుండగా మోసుకెళ్ళి ఇవ్వాలి. తిరిగొచ్చే గంపలో ఆవిడ ఏం వేస్తే అది తెచ్చుకో. పేడే వేసినా సరే, నాకు పనికొస్తుంది.

పొట్లం విప్పలేదు. గ్రామసేవకుడికి తిరిగిచ్చేశాను. మీకు ఈ జన్మలో బుద్ధి రాదండీ అన్నాడు. మా వంశంలో అది అందరికీ ఆలస్యంగానే వస్తుందని చెప్పాను.

భాగ్యవతి నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకుంది. తర్వాత పాతది, చిల్లంగి ఉత్తరం, తెమ్మంది. ఇంకా దాచి ఉంచానని దానికి తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, పాతదాన్ని పొయ్యిలో పెట్టి ఆ మంట మీద గంజి కాచింది. "వదిన తప్పయిందని రాసీసినాది గదా, ఇంకెందుకు" అంది. దానికి బుద్ధి లేదని ఇదివరకు రాశాను. అది తప్పు.

నీ గంప ఎల్లుండి వస్తుంది. అడుగున దారం కట్టిన కాయ ఇంకా ఉండదు, చెట్టు మీదే ఉంది, పండాలి. పండాక వస్తుంది. వచ్చినప్పుడు బుల్లమ్మగారిని పక్కన ఉంచుకోకు. పొయ్యి మీద మేకు కొట్టి ఉంచు.

వంకాయల్లో పుచ్చులున్నాయి. చూసి తరుక్కో.

అప్పలసూరి